‘ది క్యాచర్ ఇన్ ద రై’: హోల్డెన్ నోటిని నమ్మాలా, చేతిని నమ్మాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. జె.డి. సాలింజర్ రాసిన ‘ది క్యాచర్ ఇన్ ద రై’ చదివినవాళ్లలో కొందరు "అచ్చం నా గురించే రాసినట్టుంది" అంటారు. ఇంకొందరు "డబ్బున్నవాళ్ల పిల్లాడి సణుగుడు, కథే లేదు" అని పక్కన పడేస్తారు. ఎవరి మాట నమ్మాలి? సగంలో ఆపేసినవాళ్లు మళ్లీ పట్టుకోవచ్చా? ఇంట్లో పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు ఇవ్వొచ్చా?

ఈ గొడవలో ముప్పాతిక వంతు హోల్డెన్ కాల్‌ఫీల్డ్ నోటి గురించే. వాడు కనిపించినవాణ్నల్లా తిడతాడు. కొందరికి వాడు నచ్చింది అందుకే, కొందరికి ఒళ్లు మండిందీ అందుకే. అయితే నవల నడిచేది వాడు అనే మాటకీ చేసే పనికీ మధ్య ఉన్న దూరంలో. ఆ దూరాన్ని గమనించకుండా మెచ్చుకున్నవాళ్లూ, తిట్టుకున్నవాళ్లూ ఒకే పుస్తకాన్ని సగం సగం చదివారు.

చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. నవల 1951 జూలై 16న అమెరికాలో లిటిల్ బ్రౌన్ సంస్థ నుంచి వచ్చింది. 26 అధ్యాయాలు, దాదాపు 73 వేల మాటలు. ఆగకుండా చదివితే ఆరు గంటల పని. హోల్డెన్‌కి పదహారేళ్లు. పెన్సిల్వేనియాలోని పెన్సీ ప్రెప్ అనే బోర్డింగ్ స్కూల్లో ఐదు సబ్జెక్టుల్లో నాలుగు తప్పి, ఒక్క ఇంగ్లీషు మాత్రం గట్టెక్కి, స్కూలు నుంచి సాగనంపబడతాడు. బుధవారం దాకా ఉండాల్సినవాడు శనివారం రాత్రే పెట్టె సర్దుకుని న్యూయార్క్ రైలెక్కుతాడు. ఇంటికి వెళ్లే ధైర్యం లేక సోమవారం దాకా హోటలూ, బార్లూ, పార్కులూ తిరుగుతాడు. కథ ఇంతే. దీన్ని మనకు చెప్పేది మాత్రం మర్నాడు కాదు. పదిహేడేళ్ల వయసులో, కాలిఫోర్నియాలో తనను చికిత్స కోసం ఉంచిన చోటి నుంచి చెబుతాడు. మొదటి పేజీలో ఒక వాక్యంలో తగిలించి వదిలేస్తాడు కాబట్టి ఈ సంగతి చాలామంది దాటేస్తారు. అది దాటిపోయిందంటే మిగతా పుస్తకం అంతా ఒట్టి తలపొగరులా వినిపిస్తుంది.

ఇంకోటి ఐదో అధ్యాయంలో ఉంది. రూమ్‌మేట్ స్ట్రాడ్‌లేటర్ తన బదులు ఒక ఇంగ్లీషు వ్యాసం రాసిపెట్టమంటాడు. ఏదో గదినో ఇంటినో వర్ణించమని క్లాసులో ఇచ్చిన పని. హోల్డెన్ తన తమ్ముడు ఆలీ బేస్‌బాల్ గ్లవ్ గురించి రాస్తాడు. మైదానంలో నిలబడి తోచనప్పుడు చదువుకోవడానికి ఆలీ దాని నిండా ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్నాడు. ఆ ఆలీ 1946 జూలై 18న ల్యుకేమియాతో పోయాడు. అప్పటికి హోల్డెన్‌కి పదమూడేళ్లు, ఆలీ వాడికంటే రెండేళ్లు చిన్న. ఆ రాత్రి హోల్డెన్ గరాజ్‌లో పడుకుని పిడికిలితో కిటికీ అద్దాలన్నీ పగలగొట్టాడు. చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉండిపోవడంతో తమ్ముడి అంత్యక్రియలకు కూడా వెళ్లలేకపోయాడు. అంత్యక్రియల ముక్క మాత్రం అక్కడ చెప్పడు. 20వ అధ్యాయంలో, తాగిన మైకంలో, తడిసిన జుట్టు గడ్డకట్టుకుపోతుంటే పార్కు బెంచీ మీద కూర్చున్నప్పుడు బయటికొస్తుంది. సాలింజర్ పనితనం ఇక్కడ చూడండి. అతి ముఖ్యమైన విషయాన్ని పదిహేను అధ్యాయాల ఎడంతో రెండు ముక్కలు చేసి, రెండింటినీ వేరే పనిలో ఉన్నట్టు చెప్పించాడు. త్వరత్వరగా చదివేవాళ్లకు రెండో ముక్క వచ్చేసరికి మొదటిది గుర్తుండదు.

ఇక మాటకూ చేతకూ ఉన్న దూరం. పక్కగది ఆక్లీని మురికివాడని, మొటిమలు గిల్లుకుంటాడని ఈసడిస్తాడు. ఊళ్లోకి సినిమాకు వెళ్లేటప్పుడు వాణ్ని కూడా రమ్మని పిలిచేదీ హోల్డెనే. సినిమాలంటే అసహ్యమంటాడు. లిఫ్టు మనిషి మారిస్ కడుపులో గుద్ది ఐదు డాలర్లు లాక్కుపోయాక మాత్రం కడుపులో తూటా దిగిన సినిమా హీరోలా నటిస్తూ బాత్‌రూమ్‌లోకి నడుస్తాడు. నటించేవాళ్లంటే పడదంటూనే రైల్లో సహవిద్యార్థి తల్లి కనిపిస్తే తన పేరు రుడాల్ఫ్ ష్మిత్ అంటాడు (అది వాళ్ల డార్మిటరీ జానిటర్ పేరు), మెదడులో గడ్డకు ఆపరేషన్ ఉందని కోస్తాడు. తనంత అబద్ధాలకోరు ఎక్కడా ఉండడని మూడో అధ్యాయం మొదట్లోనే చెప్పుకున్నాడు కాబట్టి రచయిత మనల్ని మోసం చేయలేదు. "వాడే కపటి, వాడు కపటులను తిట్టడమేమిటి" అని ఈ పుస్తకంలో తప్పు పట్టేవాళ్లు నవల ముందే చేతికిచ్చిన ఆధారాన్ని కొత్తగా కనిపెట్టినట్టు చూపిస్తున్నారు.

ఇదే చూపుతో వాణ్ని ఆరాధించేవాళ్లను కూడా ఆపాలి. హోల్డెన్ లోకాన్ని నిజాయితీగా చూసిన ప్రవక్త అనే చదువు పదిహేనేళ్లప్పుడు హాయిగా ఉంటుంది, నవల దాన్ని సమర్థించదు. 22వ అధ్యాయంలో పదేళ్ల చెల్లెలు ఫీబీ వాణ్ని నిలదీసి అడుగుతుంది, నీకు నచ్చేది ఒక్కటి చెప్పు అని. వాడికి ముందు తట్టింది దారిలో చందాలు పోగుచేసుకునే ఇద్దరు నన్స్, తర్వాత జేమ్స్ కాజిల్. ఈ కాజిల్ మునుపటి స్కూల్లో తోటివాళ్ల హింస భరించలేక, అన్న మాట వెనక్కి తీసుకోనని కిటికీలోంచి దూకి చనిపోయిన పిల్లాడు. దూకినప్పుడు వాడి ఒంటి మీద ఉన్నది హోల్డెన్ అరువిచ్చిన స్వెట్టర్. చివరికి పైకి చెప్పింది ఆలీ పేరు. ఆలీ చనిపోయాడు కదా అని ఫీబీ అంటుంది. లోకంలో నచ్చేవి చెప్పమంటే ఇద్దరు చనిపోయిన పిల్లలు గుర్తొచ్చే మనిషికి జబ్బు చేసిందని చెల్లెలికి అర్థమవుతుంది. ఆరాధించే పాఠకులకే కొన్నిసార్లు కాదు.

పేరున్న ఆ దృశ్యం కూడా అక్కడే. రై అనే ధాన్యపు పొలంలో వేలమంది పిల్లలు ఆడుకుంటుంటే కొండ అంచున నిలబడి పడబోయేవాళ్లను పట్టుకోవడం తన పని అంటాడు. రాబర్ట్ బర్న్స్ పాటలో ‘కలిస్తే’ అన్న మాటను ‘పట్టుకుంటే’ అని తప్పుగా విన్నాడని ఫీబీ అప్పటికే దిద్దేసింది కూడా. అంటే ఆ కల పుట్టడమే తప్పు వినికిడి మీద పుట్టింది. 25వ అధ్యాయంలో, వర్షం మొదలవబోతుండగా, మెర్రీ గో రౌండ్ మీద ఫీబీ బంగారు రింగు కోసం చెయ్యి చాస్తుంటే పడుతుందేమోనని భయపడి కూడా ఏమీ అనకుండా వదిలేస్తాడు. పిల్లలు పడితే పడతారు, ఏమీ అనకూడదని అప్పుడు అనుకుంటాడు. మూడు రోజుల్లో వాడు మారిన చోటు ఇదొక్కటే, అదీ ఒక పేరాలో. "కథలో మార్పే లేదు" అనేవాళ్లలో ఎక్కువమంది ఈ పేరాను దాటేసినవాళ్లు.

ఇప్పుడు ఎదుటి పక్షం. వాళ్ల ఫిర్యాదుల్లో గట్టివి ఉన్నాయి, అభిమానులు వాటిని కొట్టిపారేయడం సబబు కాదు.

ఒకటి, నడుమ సాగదీత. హోటల్, నైట్‌క్లబ్, టాక్సీ, మళ్లీ హోటల్. 9 నుంచి 13 దాకా ఒకే రకం ఘటన పదే పదే వస్తుంది: ఎవరినో పిలుస్తాడు, వాళ్లు రాగానే విసుక్కుంటాడు, వాళ్లు పోగానే ఏడుపొస్తుంది. ఇది కొత్త ఫిర్యాదేమీ కాదు. 1951లోనే న్యూయార్క్ టైమ్స్ ఆదివారం సంచికలో జేమ్స్ స్టెర్న్ హోల్డెన్ గొంతునే అనుకరిస్తూ సమీక్ష రాసి, పుస్తకం మరీ పొడుగైంది, ఒకే రాగం అని తేల్చాడు. మర్నాడు అదే పత్రికలో నాష్ బర్గర్ అసాధారణమైన తొలి నవల అని మెచ్చుకున్నాడు. చీలిక పుస్తకంతో పాటే పుట్టిందన్నమాట.

రెండు, ఆడపిల్లలు. ఫీబీ, ఇంకా ఒక్కసారి కూడా రంగం మీదికి రాని, వాడికి ఇష్టమైన జేన్ గాలగర్ తప్ప మిగతావాళ్లను వాడు చూసే తీరు అన్యాయంగా ఉంటుంది. వాడు బయటికి తీసుకెళ్లిన శాలీ హేస్ దగ్గర మరీను. ఇద్దరం పారిపోయి అడవిలో క్యాబిన్‌లో ఉందామని వాడంటే, డబ్బులయ్యాక ఏం తింటామని ఆ పిల్ల అడిగింది. ఆ సన్నివేశంలో తెలివైన మాట అన్నది శాలీయే, తిట్లు తిన్నదీ శాలీయే. 19వ అధ్యాయంలో పాత స్కూలు పరిచయస్తుడు కార్ల్ లూస్‌తో స్వలింగ సంపర్కుల గురించి వచ్చే మాటలు ఇప్పుడు చదివితే చేదుగా ఉంటాయి, వాటిని సమర్థించాల్సిన పని కూడా లేదు.

మూడోది డబ్బు. మన పాఠకులకు ఎక్కువగా తగిలేది ఇదే. నవీన్ నవల ‘అంపశయ్య’లో ఉస్మానియా హాస్టల్ రవి ఒంటరితనం చదివినవాళ్లకు, పల్లెనూ లేమినీ మోస్తూ తిరిగే ఆ కుర్రాడి పక్కన, టాక్సీల్లో తిరిగే హోల్డెన్ బాధ విలాసంలా కనిపించడం సహజం. అయితే నవల లెక్కలు రాసిపెట్టింది. బామ్మ పంపిన డబ్బు, టైప్‌రైటర్ అమ్మగా వచ్చిన 20 డాలర్లు. నన్స్‌కి 10, ఫీబీ కోసం కొన్న రికార్డుకి 5, హోటల్ గదికి వచ్చిన అమ్మాయికి ఏమీ చేయకుండానే 5, మారిస్ లాక్కున్నది ఇంకో 5. ఆదివారం రాత్రి పార్కులో లెక్కపెట్టుకుంటే మిగిలింది మూడు నోట్లూ, ఐదు క్వార్టర్లూ, ఒక నికెలూ, అంటే 4 డాలర్ల 30 సెంట్లు. చివరికి చెల్లెలి క్రిస్మస్ డబ్బు 8 డాలర్ల 65 సెంట్లు తీసుకుని ఏడుస్తాడు. డబ్బు అయిపోవడం పేదరికం కాదు, నిజమే. కానీ వాడు కొనడానికి ప్రయత్నించిందల్లా కాసేపు ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషిని, అది ఒక్కసారి కూడా కొనలేకపోయాడు. తనతో వచ్చి ఒక గ్లాసు తాగమని టాక్సీ డ్రైవర్లను సైతం అడుగుతాడు.

పుస్తకం చుట్టూ పేరుకున్న చరిత్ర కూడా పాఠకుల్ని ముందే ఒక పక్షంలో నిలబెడుతుంది. క్రిస్టియన్ సైన్స్ మానిటర్ సమీక్షకుడు అప్పట్లోనే ఇలాంటి పుస్తకం ఊరంతా పాకితే ఇలాంటి పిల్లలు పెరుగుతారని భయపడ్డాడు. 1960లో ఓక్లహామా రాష్ట్రం టల్సాలో పదకొండో తరగతికి దీన్ని పాఠంగా పెట్టిన టీచర్ ఉద్యోగం పోయింది. తర్వాత ఉద్యోగం తిరిగి వచ్చింది, పుస్తకం మాత్రం రాలేదు. 1981కల్లా అమెరికా ప్రభుత్వ బడుల్లో అత్యధికంగా నిషేధానికి గురైన పుస్తకమూ, అత్యధికంగా పాఠం చెప్పే పుస్తకాల్లో రెండోదీ ఇదే. నిషేధించమన్నవాళ్ల మొదటి అభ్యంతరం బూతులు. చిత్రమేమిటంటే, ఆ బూతుల్లో అందరికంటే ఎక్కువ గొడవ చేయించిన మాట ఫీబీ బడి గోడ మీద కనిపిస్తుంది, చిన్నపిల్లలు చూస్తారని దాన్ని చేత్తో చెరిపేసేది హోల్డెన్. ఇంకోచోట కత్తితో చెక్కి ఉంటే చెరపలేక వదిలేస్తాడు. 1980 డిసెంబర్ 8న జాన్ లెనన్‌ను కాల్చినవాడి దగ్గర ఈ పుస్తకం దొరకడంతో మరో ముద్ర పడింది. ఆ నేరం వల్ల నవలకు రహస్య శక్తి ఏదో ఉందని చెప్పేవన్నీ కాలక్షేపం కబుర్లు.

దీన్ని మించిన ఇబ్బంది తరగతి గదిది. సమాజంలో ఇమడనన్న కుర్రాడి కథ, పిల్లల్ని సమాజంలో ఇమిడ్చే పనిముట్టయిందని 2001లో న్యూయార్కర్‌లో లూయిస్ మెనాండ్ రాశాడు. మార్కుల కోసం, ‘అమాయకత్వపు ప్రతీకలు’ పట్టిక వేయించుకుని చదివిన తరం దీన్ని ద్వేషించిందంటే తప్పు పుస్తకానిదొక్కదానిదే కాదు. పెద్దయ్యాక మళ్లీ చదివి తిట్టినవాళ్లూ ఉన్నారు: 2004లో వాషింగ్టన్ పోస్ట్ విమర్శకుడు జొనాథన్ యార్డ్‌లీ దీన్ని అమెరికన్ సాహిత్యంలో ప్రజలు అంటిపెట్టుకున్న అతి నాసి పుస్తకాల్లో చేర్చాడు. ఆయన వచనం మీద చేసిన ఫిర్యాదు వినదగ్గదే. హోల్డెన్ ఒకే ఊతపదాల్ని వందలసార్లు వాడతాడు. అది కావాలని చేసినదని తెలిసినంత మాత్రాన చెవికి హాయిగా ఉండాలని లేదు.

యుద్ధం సంగతి ఒకటి చెప్పాలి, ఇది చాలామంది పాఠకుల అభిప్రాయం మార్చింది. సాలింజర్ 1944 జూన్ 6న నార్మండీ యూటా తీరంలో దిగిన సైనికుడు, ఆ శీతాకాలం హుర్ట్‌గెన్ అడవి నెత్తుటి పోరులోనూ ఉన్నాడు. 1945లో మానసికంగా కుంగి న్యూరెంబర్గ్‌లో ఆసుపత్రిలో చేరాడు. హోల్డెన్ రాతప్రతులు కొన్ని యుద్ధంలో వెంట ఉన్నాయి. నవలలో యుద్ధం దాదాపు లేదు. 18వ అధ్యాయంలో మాత్రం, సైన్యం నుంచి వచ్చిన అన్న డి.బి. చిన్న ఆలీని మంచి యుద్ధ కవి ఎవరని అడుగుతాడు: సైనిక కవి రూపర్ట్ బ్రూకా, ఎమిలీ డికిన్సనా? గ్లవ్ తెచ్చి చూసి ఆలీ చెప్పిన జవాబు డికిన్సన్. యుద్ధానికి వెళ్లనే వెళ్లని, గదిలో కూర్చుని చావు గురించి రాసిన కవి. నవలను మొత్తంగా యుద్ధ నవల అనడం అతి. కానీ పదహారేళ్లవాడి గొంతులో అంత మృత్యువు ఎందుకుందో ఇది కొంత చెబుతుంది.

మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు పద్ధతి. మొదటి ఏడు అధ్యాయాలు, దాదాపు యాభై పేజీలు, ఒకే బిగిన చదవండి. రోజుకు పది పేజీల చొప్పున చదివితే ఆ గొంతు మీద విసుగే పేరుకుంటుంది, మనిషి కనబడడు. చేతిలో పెన్సిలుంచుకుని, వాడు ఎవరినైనా తిట్టినచోట ఒక గీత, ఎవరైనా ఉంటే బాగుండునన్నచోట, జాలిపడినచోట ఒక సున్నా పెట్టండి. అవి ఒకే పేజీలో పక్కపక్కన పడటం నాలుగో అధ్యాయం దాటేసరికి కనిపిస్తుంది. ఆపైన ఫోన్ కాల్స్ లెక్క పెట్టుకోండి: ఎవరికి చేద్దామనుకున్నాడు, చేశాడా, ఎందుకు మానేశాడు. న్యూయార్క్‌లో దిగగానే స్టేషన్ ఫోన్ బూత్‌లో ఇరవై నిమిషాలు నిలబడి ఎవరికీ చేయకుండా బయటికొస్తాడు. జేన్‌కి చేయాలని ఎన్నిసార్లు అనుకుంటాడో, ఎన్నిసార్లు మూడ్ లేదంటాడో చూడండి. నడుమ అధ్యాయాలు విసుగనిపిస్తే ఈ లెక్క ఒక్కటి చాలు, దారి తప్పరు. 11వ అధ్యాయం మాత్రం నెమ్మదిగా చదవాలి. చెకర్స్ బోర్డు మీద జేన్ కన్నీటి బొట్టు పడిన చోట, ఆ ఇంట్లో సవతి తండ్రి గురించి హోల్డెన్ అడిగీ అడగని ప్రశ్న ఉంది. 20 నుంచి 25 మళ్లీ ఒకే బిగిన. తర్వాత పేజీన్నర ఉన్న 26, వెంటనే వెనక్కి తిప్పి మొదటి పేజీ. అది అయ్యాక కూడా నచ్చకపోతే మీ అయిష్టం పక్కా, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు.

భాష గురించి: వాక్యాలు చిన్నవి, తెలుగు మీడియంలో చదివినవాళ్లకు కూడా అందుతాయి. అడ్డం పడేది 1940ల న్యూయార్క్ కుర్రాళ్ల యాస. ప్రతి మాటకూ నిఘంటువు తెరవకండి, మూడోసారి వచ్చేసరికి అర్థం దానంతటదే తేలుతుంది. సినిమా చూసి గట్టెక్కుదామంటే కుదరదు. తన కథ ఒకటి 1949లో ‘మై ఫూలిష్ హార్ట్’గా తెరకెక్కిన తీరు చూశాక సాలింజర్ ఈ నవల హక్కులు ఎవరికీ ఇవ్వలేదు. ఈ-బుక్ అనుమతి కూడా ఆయన కొడుకు 2019లో ఇచ్చాడు, కాబట్టి అంతకుముందు నుంచీ తిరుగుతున్న పీడీఎఫ్‌లన్నీ దొంగవే, పేరాలు ఎగిరిపోయినవి బోలెడు.

పిల్లలకు ఇవ్వడం సంగతి. పదిహేను దాటాక ఇవ్వొచ్చు. అందులో ఉన్నవి ముందే తెలుసుకోండి: ఆపకుండా సిగరెట్లు, తాగుడు, వేశ్య గదిలోకి వచ్చే దృశ్యం (లైంగిక సంపర్కం జరగదు), తోటి విద్యార్థి ఆత్మహత్య, 24వ అధ్యాయంలో నిద్రలో ఉన్న హోల్డెన్ తల నిమిరే మాజీ టీచర్ ఆంటొలీని. ఆ నిమిరడం ఆదరమా, మరొకటా అన్నది నవల తేల్చదు. హోల్డెన్ భయం మాత్రం నిజం, ఇలాంటివి తనకు ఇరవైసార్లు జరిగాయన్న వాడి మాట అంతకన్నా ముఖ్యం. ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయినా, పిల్లలు చావు మాటలు మాట్లాడుతున్నా పుస్తకం చేతిలో పెట్టి వదిలేయకండి. ముందు వాళ్లతో మాట్లాడండి, అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, నవల తర్వాత చదవొచ్చు. ఇచ్చాక "ఇందులో నీకేం అర్థమైంది" అని అడగొద్దు, అది పరీక్ష ప్రశ్న.

చర్చ పెట్టుకునేవాళ్లకు ఒక్క సలహా. "హోల్డెన్ నచ్చాడా?" అనే ప్రశ్నతో మొదలుపెడితే పది నిమిషాల్లో రెండు పార్టీలై ముగుస్తుంది. బదులు పని గురించి అడగండి. పగిలిపోయిన రికార్డు ముక్కల్ని వాడు పారేయకుండా కోటు జేబులో ఎందుకు పెట్టుకున్నాడు, ఫీబీ వాటిని ఎందుకు తీసుకుంది? ఎర్ర వేట టోపీ ఎప్పుడెప్పుడు పెట్టుకుంటాడు, ఎప్పుడు తీసేస్తాడు, చివరికి ఎవరు ఎవరి తల మీద పెట్టారు? చెరువు గడ్డకడితే బాతులు ఎక్కడికి పోతాయని అడిగితే టాక్సీ డ్రైవర్ హార్విట్జ్ బాతుల గురించి కాకుండా చేపల గురించి ఎందుకు వాదిస్తాడు? మొదటి ప్రశ్న ఒక్కటే అరగంట నడుస్తుంది, అందులో వాణ్ని అసహ్యించుకునేవాళ్లూ పాల్గొంటారు.

ఇది చదివి సాలింజర్ మీద గురి కుదిరినా, చెదిరినా, తర్వాత చదవాల్సింది 1953లో వచ్చిన ‘నైన్ స్టోరీస్’. నవల సాగిందన్న స్టెర్న్‌లాంటి వాళ్లకు అక్కడ సాగదీత దొరకదు.